నీళ్లు తెచ్చిన ఊరు: ఇందూరు నుంచి నిజామాబాద్ దాకా

ఈసారి వీడియోలో మన పసుపు చేను కంటే నిజామాబాద్ ఊరే ఎక్కువ కనిపిస్తుంది. గంజ్‌లో పసుపు కుప్పలు చూసి, ఇంత పెద్ద మార్కెట్ ఇక్కడే ఎందుకు పెరిగిందని చాలామంది అడుగుతున్నారు.

దీని పాత పేరు ఇందూరు. గుట్ట మీద ఖిల్లా, రామాలయం, కింద బస్తీ. ఆ ఖిల్లాను నిజాం కాలంలో జైలుగా వాడారు, దాశరథి గారిని అక్కడే బంధించారు. 1900 ప్రాంతంలో మన్మాడ్ రైలు లైను పడ్డాక సరుకు బయటికి పోయే దారి దొరికింది.

అసలు మార్పు నీళ్లతో వచ్చింది. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు అనుకున్నారు. కాలువ నీళ్లు చూసి కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతులొచ్చి భూములు కొన్నారు. వాళ్ల ఊళ్లను మేం ఇప్పటికీ 'క్యాంపు' అనే అంటాం. 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. అట్లా చెరకు, వరి, పసుపు డబ్బులతో నిజామాబాద్ బజార్లు పెరిగాయి. 2011 లెక్కల్లో జనాభా 3 లక్షలు దాటింది.

ఇక్కడ ఒక్కమాట. కట్టినప్పుడు నిజాంసాగర్‌లో 29 టీఎంసీలకు పైగా నీళ్లు పట్టేవి. యాభై ఏళ్లు నిండకముందే పూడికతో అది 12 దాకా పడిపోయింది, తర్వాత ఎత్తు పెంచి 17.8కి తెచ్చారు. ఆ పూడిక ఏంటనుకున్నారు? చాలావరకు ఎగువ చేలల్లోంచి కొట్టుకొచ్చిన పైమట్టే. ఆచ్ఛాదన గురించి నేను ఇంత గట్టిగా చెప్పేది ఊరికే కాదు.

2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. అటువైపు మా మేనమామ వాళ్లు మూడు తరాలు చెరకే వేశారు, ఇప్పుడంతా వరి. పంట ఎంత పండినా, దాన్ని సరుకుగా మార్చే పని దగ్గర్లో లేకపోతే ఆ పంట నిలవదని నాకు అక్కడే అర్థమైంది.

పసుపుకు ఆ గతి పట్టకూడదు. ధర కోసం 2019 ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు పోటీలో నిలబడ్డారు. 2025 సంక్రాంతికి జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే మొదలైంది. మంచిదే. కానీ కొమ్ములు బయటికి పోయి పొడై తిరిగొస్తుంటే మనకు మిగిలేదెంత?

అందుకే జీవామృతంతో పండించిన రెండెకరాల పసుపులో సగం మేమే పొడి పట్టిస్తున్నాం. పచ్చి పసుపు 5 కిలోలు ఉడికించి ఎండబెడితే సుమారు కిలో వస్తుంది. తొందరపడి మర పట్టించొద్దు, బూజొస్తుంది. కొమ్ము విరిస్తే టక్కుమని మోగాలి. ఆ చప్పుడు వీడియో చివర్లో పెట్టాను, వినండి.