టైఫాయిడ్ విషం: కణాలకు ముందే ముసలితనం

"జ్వరం తగ్గింది గానీ ఒంట్లో ఓపిక లేదు." టైఫాయిడ్ నుంచి తేరుకున్నవాళ్లు ఇలా అనడం మన ఇళ్లలో వింటూనే ఉంటాం. ఆ నీరసానికి కారణాలు చాలానే ఉంటాయి. అయితే ఈ జబ్బు గురించి మనం తెలుసుకోదగ్గ సంగతి ఇంకొకటుంది.

టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫీ ఒక విషాన్ని తయారుచేస్తుంది. అందులోని ఒక భాగం కణంలోకి దూరి, కేంద్రకం దాకా వెళ్లి డీఎన్‌ఏను కోస్తుంది. అతుకు పడేదాకా కణం విభజన ఆపేస్తుంది. అతుకు పడకపోతే ఒక్కోసారి చావదు, పెరగదు, ముసలిదై కూర్చుంటుంది. ఊరికే కూర్చున్నా బాగుండేది! అది వదిలే రసాయనాలు పక్క కణాలనూ ముసలివి చేస్తాయనీ, బ్యాక్టీరియాకు దారి ఇస్తాయనీ 2019లో ఇంగ్లండులోని షెఫీల్డ్ పరిశోధకులు ప్రయోగశాలలో చూపారు.

చిగుళ్ల జబ్బు బ్యాక్టీరియా ఒకటి ఇదే కుటుంబపు విషంతో టి-కణాల విభజనను ఆపేస్తుంది. ఒకటి వందలుగా పెరిగితేనే టి-కణాలు పోరాడగలవు. వాటిని ఆపితే దెబ్బ నేరుగా రక్షణకే.

కానీ ఆక్స్‌ఫర్డ్‌లో విషం లేని టైఫీని తీసుకున్న వాలంటీర్లకూ టైఫాయిడ్ వచ్చింది. కాబట్టి తప్పంతా విషానిదే అనలేం.

హైదరాబాద్‌లో తయారైన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను 2018లో నవీ ముంబై నగరపాలక సంస్థ పిల్లలకు వేసింది. మహారాష్ట్రలోని మన కుటుంబాల్లో కొందరికి అది గుర్తుండే ఉంటుంది. మిగతా చోట్ల ఉన్నవాళ్లం పిల్లల డాక్టరును అడిగి వేయించుకోవచ్చు.