క్రైస్తవసంఘముల యైక్యము



పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలకు నడుమ గోదావరి యెల్లగా ప్రవహించుచున్నది. కాళేశ్వరమునొద్ద ప్రాణహిత వచ్చి యందు కలియును. నదులు కలియుట సులభము. మనుష్యుల కూటములు కలియుట కష్టము. ఆ కష్టమెట్టిదో, దాని ఫలమెట్టిదో తెలుపుటకు దక్షిణ ఇండియా సంఘ చరిత్రమును నేడు మీకు మనవిచేసెదను.

క్రైస్తవమతము మన తెలుగుసీమకు ఒక్కచేతిమీదుగా రాలేదు. పాశ్చాత్య మిషనులు ప్రాంతములను తమలో తాము పంచుకొనినవి. ఒకరు విత్తిన చేనిలో మఱియొకరు విత్తరాదని వారి యొడంబడిక. కలహము రాకుండుటకై చేసిన యేర్పాటే యైనను దాని ఫలము వింతగా పరిణమించెను. కరీంనగరమున బాప్తిస్మము పొందినవాడు మెతడిస్టు, దోర్నకలున పొందినవాడు ఆంగ్లికను, హనుమకొండయందు బాప్టిస్టు. ఐరోపాలో పూర్వము జరిగిన మతవివాదములను మన పల్లెకూలి యెఱుగడు. అతని శాఖను నిర్ణయించినది అతని బుద్ధి గాదు, అతని తాలూకా! బిడ్డనిచ్చిన యూరికి పోయినచో అచ్చటి ప్రభుభోజనమున తనకు పాలుండునో లేదో యని సందేహింపవలసివచ్చెను.

ఈ దుఃఖమును గుర్తించినవారిలో అగ్రగణ్యుడు వేదనాయకం శామ్యూలు అజరయ్య. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడయ్యు దోర్నకలునకు వచ్చి తెలుగు నేర్చెను. 1912లో కలకత్తాయందు బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయు డితడే. 1919 మే 1, 2 తేదీలయందు తరంగంబాడిలో ముప్పదిముగ్గురు గురువులు సమావేశమైరి. ఇద్దఱు తప్ప తక్కినవారందఱును భారతీయులే. ఈ విభేదములు తాము కల్పించుకొనినవి కావనియు, వెలుపలినుండి తమపై పడినవనియు వారు ప్రకటించిరి.

సంకల్పము రెండుదినములలో కలిగెను. సిద్ధికి ఇరువదియెనిమిదేండ్లు పట్టెను. ఏల? వాదము ముఖ్యముగా గురుపరంపరను గూర్చినది. బిషప్పు హస్తమున అభిషేకము పొందినవాడే గురువని ఆంగ్లికనుల మతము. తక్కిన సంఘములకు అట్టి బిషప్పులు లేరు. మరల అభిషేకము పొందుడన్నచో, ఇంతవఱకు మీరు గురువులే కారన్నట్లగును. పరంపర యేల యన్నచో ఆంగ్లికనుల విశ్వాసమునకే దెబ్బ. తుదకొక మార్గము దొరకెను. ఉన్న గురువులనందఱను ఉన్నట్లే అంగీకరింపవలెను. ఇకమీదట అభిషేకములన్నియు బిషప్పులచేతనే జరుగవలెను. ఏ సంఘమును దాని మనస్సాక్షికి విరుద్ధముగా నిర్బంధింపరాదు. ఒకరు గెలిచి మఱియొకరు ఓడిన తీర్పు గాదిది. ఉభయుల గౌరవమును నిలిపిన తీర్పు.

1947 సెప్టెంబరు 27వ తేదీని మద్రాసు సెయింటు జార్జి దేవాలయమున ఆంగ్లికనులు, మెతడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలువారు ఒక్క సంఘమైరి. చివరి రెండు శాఖలు 1908లోనే కలిసియుండెను. ఇందుకై పాటుపడిన అజరయ్య ఆ దినమును చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకలులోనే దివంగతుడయ్యెను.

అందఱును వచ్చిరా? రాలేదు. బాప్టిస్టులు, లూథరనులు వెలుపలనే నిలిచిరి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో పెక్కుమంది సమ్మతింపక, 1975 వఱకు వేఱుగా నుండి పిదప కలిసిరి. వారిని బలిమిని లాగినవారు లేరు. మన వైపు మెతడిస్టులు నాటిన కరీంనగరపు సంఘములు ఆంగ్లికనుల పీఠమైన దోర్నకలుతో కూడి నడచి, 1978లో స్వంత మండలముగా ఏర్పడినవి. అన్నదమ్ములు పెంపునకై వేఱు కాపురము పెట్టుట వేఱు, పగచే గోడ పెట్టుట వేఱు.

గ్రామపెద్దలారా, కాగితముపై కుదిరిన యైక్యము గ్రామమునకు దిగివచ్చినగాని పూర్ణము కాదు. ఒక్క ప్రార్థనలో మోకరించినవారు వెలుపలికి వచ్చి కులము పేర వేఱు శ్మశానములు కోరినచో, ఆస్తులకై కోర్టులెక్కినచో, ఆ ప్రార్థన పెదవులకే పరిమితమగును. తన శిష్యులు ఒక్కటై యుండవలెనని క్రీస్తు ప్రార్థించెనని యోహాను సువార్త చెప్పుచున్నది. ఆ కోరికను నెఱవేర్చుట బిషప్పులకు మాత్రమే గాక, పల్లెలోని ప్రతి విశ్వాసికిని విధి. ఎదుటివానిని అవమానింపక వినుట, ఇయ్యదగినదాని నిచ్చుట, ఏండ్లు పట్టినను ఓర్చుట అను నీ మూడును లేనిదే ఏ కూటమియు నిలువదు. ఏ మతమువారమైనను మన రచ్చబండయందును ఈ మూడే కావలసియున్నవి గదా!