వృద్ధమాతల మరణము లెక్కకు రావలదా?

మృత్యువునకు పక్షపాతము లేదని పెద్దలందురు. ఈ మాట వేదాంతమునకు చెల్లును గాని జననమరణముల లెక్కలకు చెల్లదు. మహమ్మారి వచ్చినపుడు ఎవరు ముందు పోవుదురో వయస్సొకటి నిర్ణయించును, స్త్రీపురుష భేదమొకటి నిర్ణయించును, ఉన్న ఊరొకటి నిర్ణయించును.

1918వ సంవత్సరపు ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున కోటికి పైబడిన ప్రాణములను గొన్నది. అది ముదుసళ్లకంటె ఇరువది మొదలు నలువది ఏండ్ల ప్రాయమువారిని మిక్కుటముగా కబళించినది. పురుషులకంటె స్త్రీలు హెచ్చుగా మరణించిరి. బొంబాయి రాజధాని అల్లకల్లోలమైనంతగా చెన్నపురి రాజధాని కాలేదు. నూఱేండ్లు గడచిన పిమ్మట 2020లో వచ్చిన కోవిడ్ ఈ వరుసను తలక్రిందులు చేసి వృద్ధులపై పడినది.

ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రములలో 84,965 మంది రోగులను, వారితో మెలగిన 5,75,071 మందిని పరిశీలించి రామణన్ లక్ష్మీనారాయణ్ ప్రభృతులు 2020లో 'సైన్స్' పత్రికయందు ఒక వ్యాసము ప్రకటించిరి. రోగము సోకినట్లు తేలిన 5 మొదలు 17 ఏండ్లవారిలో నూటికి 0.05 వంతు మరణింపగా, 85 ఏండ్లు దాటినవారిలో నూటికి 16.6 వంతు మరణించిరి. స్త్రీలకంటె పురుషులకే మరణభయము హెచ్చని కూడ అందు తేలినది.

అయిన ఆ వ్యాసమునందే మఱియొక విశేషము గలదు. ఈ రెండు రాష్ట్రములలో నమోదైన కోవిడ్ మృతులలో 75 ఏండ్లు నిండినవారు నూటికి 18 మందికి మించలేదు. అమెరికాలో 58 మంది. మన దేశమున అంతటి వృద్ధులు తక్కువయనుట కొంత నిజము. ఇంటిలో, పరీక్షయు వైద్యుడును లేక, పోయినవారు ఈ లెక్కకు రారనుటయు నిజమే. అట్లు పోవువారెవరు?

2020లో దేశమున నమోదైన మరణములు 81 లక్షలకు పైగా నుండెను. వానిలో వైద్యుడు కారణము ధ్రువపఱచినవి నూటికి 22 చిల్లర మాత్రమే. అట్లు ధ్రువపడిన ప్రతి నూఱు మరణములలో పురుషులవి 64, స్త్రీలవి 36. వైద్యుని సంతకము పురుషునకు దొరకినంత సులభముగా స్త్రీకి దొరకుట లేదని దీని తాత్పర్యము. 2024లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రిక ప్రకటించిన పరిశోధన, 14 రాష్ట్రముల, కేంద్రపాలిత ప్రాంతముల గృహములను విచారించి, 2020లో పురుషుల ఆయుర్దాయము 2.1 ఏండ్లు తగ్గగా స్త్రీలది 3.1 ఏండ్లు తగ్గెనని చెప్పినది. కేంద్రప్రభుత్వము ఈ అంకెలను త్రోసిపుచ్చినది. ఆసుపత్రి పుస్తకమొక మాట, ఇంటి గడప మఱియొక మాట చెప్పుచుండగా మేము గడప మాటను పెడచెవిని పెట్టజాలము.

ఇక మన దిగువ డెల్టాను చూడుడు. గుడివాడవారికి విజయవాడ చేరువ. బందరునుండి అది డెబ్బది కిలోమీటర్ల దూరము. పులిగడ్డవద్ద కృష్ణ రెండు పాయలై చుట్టుకొన్న దివిసీమలో, నాగాయలంక కోడూరుల కావలి పల్లెలనుండి ఇంకను దూరము. ఊపిరి యాడని ముసలిదానికి ఈ దూరమే వ్యాధి. కుమారుని కొఱకు కారు కట్టించిన యిల్లు, ఆస్తి తన పేర లేని వితంతువు కొఱకు కూడ కట్టించునా? 2023లో బందరున ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది, సంతోషము. కాని దాని మేలు గడపలోని అవ్వవఱకు చేరవలెను.

లెక్కపెట్టినంత మాత్రమున నేమి లాభమని కొందఱందురు. దివిసీమయే దీనికి సమాధానము. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో పదివేల మందికి పైగా మరణించిరి. ఆ శవముల లెక్క దేశమును కలచివేసినది. తీరమున తుపాను ఆశ్రయములు లేచినవి. 1990 మే నెలలో కృష్ణాముఖమునకే ఘోరమైన తుపాను వచ్చినపుడు లక్షలాది జనులను ముందుగా తరలించిరి. మృతులు వేయికి లోపలనే యుండిరి. లెక్కకు వచ్చిన చావు వెనుకటివారిని బ్రతికించును. లెక్కకు రాని చావు మఱియొక చావును పిలుచును.

1969 నాటి చట్టము ప్రకారము మరణమును 21 దినములలోపల నమోదు చేయింపవలెను. పొలము మార్పించుకొనుటకు తండ్రి మరణపత్రమును మన భూస్వాములు తప్పక తెత్తురు. పొలము లేని తల్లి మరణపత్రమునకై ఎందఱు పోవుచున్నారు? గ్రామపెద్దలును పట్టణములందలి విద్యావంతులును తమ వీథియందు ఏ వృద్ధురాలు మరణించినను వయస్సుతో, కారణముతో ఆమె పేరు వ్రాయింపవలెను. అంతకుముందే, ఆమె దగ్గు మొదలిడిన దినముననే, వైద్యుని పిలిపింపవలెను. స్వరాజ్యమన అందఱి ప్రాణమునకును ఒకే విలువ కట్టుట. ఆ విలువను మొదట కట్టవలసినది మన ఇంటిలోనే.