మీకు తెలుసా? డిజైర్ డిక్కీ ఎందుకు పొట్టిగా ఉంటుందో

ఆటో షోలో జనం మూగేది పెద్ద బండ్ల దగ్గర. సన్‌రూఫ్ తెరిపించుకుని ఫొటోలు దిగేదీ అక్కడే. తెనాలి, బాపట్ల, రేపల్లె నుంచి వెళ్లిన మామూలు కుటుంబం చివరికి అడ్వాన్స్ కట్టేది మాత్రం ఓ పక్కగా నిలబెట్టిన చిన్న కారుకే. ఈమధ్య ఒక షోలో ఆ చిన్న కార్ల మధ్యే ఎక్కువసేపు తిరిగాను. వాటి ఆకారం, ధర, బరువు ఏవీ ఊరికే వచ్చినవి కావు. ఒక్కోదాని వెనక ఒక చట్టమో, ఒక పరీక్షో ఉంది.

ముందు మారుతి డిజైర్ సంగతి. 2008లో వచ్చిన మొదటి డిజైర్ పొడవు 4,160 మిల్లీమీటర్లు. 2012లో కొత్త మోడల్ వచ్చేసరికి అది 3,995కు తగ్గింది. కొత్తది వస్తే కారు పెరగాలి గానీ తగ్గడమేమిటి? దీనికి మూలం 2006 కేంద్ర బడ్జెట్‌లో ఉంది. పొడవు 4 మీటర్లు దాటకుండా, ఇంజిన్ పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ మించకుండా ఉండే కార్లకు అప్పటి ఆర్థికమంత్రి చిదంబరం ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. ఇక ఆ గీత దాటకుండా కారు తయారుచెయ్యడమే కంపెనీల పని అయింది. డిక్కీ వెనక జానెడు కంటే తక్కువ కోసేస్తే పన్నులో బోలెడు మిగులుతుంది మరి. షోలో బోర్డులు చదువుకుంటూ పోతే మీకే తెలుస్తుంది: డిజైర్ 3,995, అమేజ్ 3,995, బ్రెజా 3,995, వెన్యూ 3,995, సోనెట్ 3,995. కంపెనీలు వేరు, ముఖాలు వేరు, పొడవు మాత్రం ఒక్కటే.

ఆ గీత నేటికీ చెక్కుచెదరలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ కొలతల్లో ఉన్న కార్లకు జీఎస్టీ 18 శాతం, దాటినవాటికి 40 శాతం. అంతకుముందు చిన్న పెట్రోలు కారు మీద సెస్సుతో కలిపి 29 శాతం పడేది. ఆ తగ్గింపు వచ్చినప్పుడు మారుతి ఆల్టో కె10 ప్రారంభ ధరను 3,69,900 రూపాయలకు, ఎస్-ప్రెస్సోను 3,49,900కు దించింది. ఇవి ఎక్స్ షోరూం ధరలు. లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ కలిపాకే అసలు లెక్క తేలుతుంది కాబట్టి షోలో ఎవరు ధర చెప్పినా ‘ఆన్‌రోడ్ ఎంత?’ అనే అడగండి.

తక్కువ ధర అంటే నానో గుర్తుకు రావాల్సిందే. 2008 జనవరి 10న ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో జరిగిన ఆటో ఎక్స్‌పోలో రతన్ టాటా నానోను ఆవిష్కరించారు. వానలో స్కూటర్ మీద నలుగురు తడుస్తూ వెళ్లడం చూసి ఆ ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పారు. వెనకవైపు 624 సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్, అద్దానికి ఒకటే వైపర్, చక్రానికి మూడే నట్లు. ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చో అంత శ్రద్ధగా వెతికిన కారు మరొకటి లేదనే నా అభిప్రాయం. ‘లక్ష రూపాయల కారు’ అన్న ముద్రే దానికి చేటు చేసింది. అప్పు చేసి కారు కొనేవాడు నలుగురిలో గౌరవం కూడా కోరుకుంటాడు కదా. 2018 నాటికి దాని తయారీ ఆగిపోయింది. అదే షోలో అదే కంపెనీ 4 మీటర్లలోపు డిక్కీ ఉన్న ఇండిగో సీఎస్‌ను కూడా తెచ్చింది. ఆ రోజు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. కానీ ఇవాళ మన స్టేషన్ల బయట నిలబడే ట్యాక్సీల ఆకారం దానితో మొదలైందే.

ఇప్పుడు చెప్పేది మాత్రం కాస్త నిదానంగా చదవండి. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్ముడయ్యే ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. అయిదింటికీ పెద్దల భద్రతలో సున్నా స్టార్లే వచ్చాయి. అయితే రెండు ఎయిర్‌బ్యాగ్‌లున్న పోలోను మళ్లీ పరీక్షిస్తే 4 స్టార్లు వచ్చాయి. కారు అదే, రేకు అదే, తేడా ఆ రెండు బ్యాగులే. అయినా ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి కావడానికి 2022 జనవరి దాకా పట్టింది. ఇన్నేళ్లు ఆగాల్సింది కాదు.

అలాగని బ్యాగులు లెక్కపెట్టి ధీమా పడకూడదు. 2023లో రెండు ఎయిర్‌బ్యాగ్‌లున్న వ్యాగన్ ఆర్‌కు పెద్దల భద్రతలో వచ్చింది ఒక్క స్టారే. బాడీ గట్టిగా నిలబడితేనే బ్యాగు పనిచేసినా ప్రయోజనం. మరోవైపు టాటా పంచ్ 2021లోనే 5 స్టార్లు తెచ్చుకుంది, 2024లో కొత్త డిజైర్‌కూ 5 వచ్చాయి. 2025లో ఆల్టో కె10, వ్యాగన్ ఆర్‌లలో కూడా ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు మామూలు సామాను అయిపోయాయి. 2023 అక్టోబరు నుంచి మనకంటూ భారత్ ఎన్‌క్యాప్ ఉంది. షోలో మ్యూజిక్ సిస్టమ్ గురించి పది ప్రశ్నలు అడిగేవాళ్లు స్టార్ల గురించి ఒక్కటైనా అడగాలి. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే ఎన్ని స్టార్లున్నా వాళ్లకు అక్కరకు రావు. మన ఊళ్లలో అమ్మమ్మనీ పిల్లల్నీ కూర్చోబెట్టేది ఆ వెనక సీట్లోనే.

మన డెల్టాలో కారు కొనేవాళ్లు చూడాల్సింది ఇంకొకటుంది, కారు అడుగు. నల్లరేగడి నేల తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. అందుకే కాలవకట్ట మీద ఎంత బాగా వేసిన రోడ్డయినా కొన్నాళ్లకు అలలు తేలుతుంది. షోలో నేను మోకాళ్ల మీద వంగి ఒక్కో కారు కిందకి చూశాను. ఆయిల్ ఛాంబర్ ఎంత కిందకి దిగింది, సైలెన్సర్ గొట్టం ఎక్కడ వేలాడుతోంది, దాని ముందు రేకు అడ్డం ఉందా లేదా అన్నది బ్రోషర్లో కనబడదు. అక్కడ ఇచ్చే గ్రౌండ్ క్లియరెన్స్ చాలావరకు ఖాళీ కారుకు కొలిచిందే. రేపల్లె నుంచి పెనుమూడి వంతెన దాటి మోపిదేవి వెళ్లే కారులో ఒక్కొక్కరు 65 కిలోల చొప్పున అయిదుగురు ఎక్కితే 325 కిలోలు, పైగా సామాను. స్ప్రింగులు కుంగితే చక్రం అంచుకీ బాడీకీ మధ్య సందు ఎంత మిగులుతుందో మనవాళ్లని నలుగుర్ని ఎక్కించే చూడాలి. షోలో సేల్స్ కుర్రాళ్లు కాదనలేదు, సరదాగా వాళ్లూ ఎక్కారు.

బాపట్ల వాళ్లకు ఒక మాట. సూర్యలంక ఇసుకలో టైర్లు తిప్పి వచ్చిన కారును పైపైన తుడిస్తే చాలదు. ఉప్పు పట్టేది అడుగు రేకుకీ, బ్రేకు గొట్టాలకీ. ఆ రోజే మంచినీళ్లతో కింద కడిగించండి.

సీఎన్‌జీ కారు కొందామనుకుంటే డిక్కీ తెరిచి చూడండి. వ్యాగన్ ఆర్‌లో 60 లీటర్ల సిలిండర్ ఒక్కటే, డిక్కీ అంతా దానికే సరి. పాతిక కిలోల బియ్యం బస్తా వెనక సీట్లోకి రావాల్సిందే. 2023లో టాటా ఆల్ట్రోజ్‌తో ఒక ఉపాయం చేసింది. 30 లీటర్ల సిలిండర్లు రెండు చేసి డిక్కీ నేల కింద పడుకోబెట్టింది, పైన బస్తా పడుతుంది. తర్వాత హ్యుందాయ్ కూడా ఎక్స్‌టర్‌లో రెండు సిలిండర్ల పద్ధతికే వచ్చింది. ఇలాంటి మార్పులకే షోలో పెద్ద లైట్లు పెట్టాలి.

షోలో చూసిన కార్లలో సోనెట్ మన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారయ్యే కారన్నది చాలామందికి తెలిసిందే. తెనాలి గొప్పతనం మాత్రం పాత సామానులో ఉంది. ఇక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర వాడిపడేసిన బండ్ల చైన్లు, గేరు చక్రాలు, నట్లు, బోల్టులతో విగ్రహాలు చేస్తారు. 75 వేల నట్లతో 10 అడుగుల గాంధీ విగ్రహం, 2021లో సుమారు 2 టన్నుల ఇనుప తుక్కుతో 14 అడుగుల మోదీ విగ్రహం వాళ్ల చేతుల్లో రూపుదిద్దుకున్నవే.

కొత్తది అందక సెకండ్ హ్యాండ్ కారు చూసేవాళ్లు టైరు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వరస చివర ఉండే నాలుగు అంకెలు చదవండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైన టైరు. మీటర్లో 30 వేల కిలోమీటర్లే చూపిస్తూ, నాలుగు టైర్ల మీద నాలుగు వేర్వేరు తేదీలుంటే ఆ టైర్లు ఎందుకు మార్చాల్సి వచ్చిందో అడగండి. సరైన జవాబు వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.