నూగు కత్తిరించే మర గడ్డి మీదికి వచ్చింది

1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చి నిజామాబాద్ జిల్లా బోధన్ చెరకు ఊరైంది. 2015లో ఆ ఫ్యాక్టరీ మూతబడింది గానీ చెరకు కొట్టే తీరు మారలేదు. తీపి మొదట్లోనే ఎక్కువ కాబట్టి కత్తిని నేలకు ఆనించి కొడతారు. అంత కిందికి కొట్టినా తోట చావదు, మట్టిలోని మొగ్గల నుంచి పిలకలు లేచి రెండో పంట వస్తుంది. నిజామాబాద్ ఇళ్ల ముందు లాన్ బతికేదీ ఇలాంటి గుణం మీదే. ఆ లాన్‌లోని గరిక, చెరకు ఒకే గడ్డి కుటుంబం. గరిక ఆకు కొసన పెరగదు, మొదట్లో పెరుగుతుంది. కొస పోతే దానికి లెక్కలేదు.

ఈ గుణాన్ని వాడుకునే యంత్రం మాత్రం తోటలో పుట్టలేదు. ఇంగ్లండులోని స్ట్రౌడ్ ఉన్నిబట్టల ఊరు. నేసిన బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించడానికి అక్కడి మిల్లుల్లో మెలితిరిగిన బ్లేడ్ల మర ఉండేది. ఎడ్విన్ బడింగ్ అనే మెకానిక్ దాన్ని చూసి, బట్టకు పనికొచ్చింది పచ్చికకు పనికిరాదా అనుకున్నాడు. 1830 ఆగస్టు 31న పేటెంటు వచ్చింది. వెనక బరువైన రోలరు, మనిషి తోస్తే తిరుగుతుంది. పళ్లచక్రాలు ఆ తిరుగుడు వేగం పెంచి బ్లేడ్ల డ్రమ్ముకు అందిస్తాయి. డ్రమ్ము బ్లేడుకూ, కింద కదలకుండా ఉన్న బ్లేడుకూ మధ్య చిక్కిన గడ్డి తెగుతుంది. అంటే గుండ్రంగా తిరిగే కత్తెర. కోత వెడల్పు 19 అంగుళాలు. ఇరుగుపొరుగు నవ్వుతారని రాత్రిళ్లు నడిపి చూసుకునేవాడని ఒక కథ ఉంది. నమ్మాలనిపించే కథే.

అంతకుముందు పొడుగు పిడి కొడవళ్లతో, మంచు ఆరకముందే కోసేవారు. తడి గడ్డే కొడవలికి లొంగుతుంది. బడింగ్ మరకు పొడి గడ్డి కావాలి. తోటమాలికి తెల్లవారుజాము నిద్ర దక్కింది! లండన్ జూ, ఆక్స్‌ఫర్డ్ కాలేజీలు తొలి గిరాకీల్లో ఉన్నాయి. తర్వాత పెద్ద మరలను గుర్రాలు లాగాయి. గిట్టలు దిగబడకుండా వాటికి తోలు బూట్లు తొడిగేవారు. 1902లో పెట్రోలు ఇంజిను మర అమ్మకానికి వచ్చింది. బడింగ్ ఇదేదీ చూడలేదు, 1846లోనే పోయాడు.

మన దగ్గర ఇప్పుడు ఎక్కువగా కనిపించేది రోటరీ. దీనికి కింది బ్లేడు ఉండదు, ఉన్నదంతా వేగమే. నిమిషానికి సుమారు 3,000 చుట్లు. పదును పోతే కోయదు, చీలుస్తుంది. పోయిన జూలైలో మొద్దు బ్లేడుతోనే కానిచ్చేశాను. మర్నాడు లాన్ మీద బూడిద చల్లినట్టు తెల్లగా ఉంది. వంగి ఒక ఆకు తెంపి చూస్తే కొస దారప్పోగుల్లా చీలి ఎండిపోయింది.

ఏడాదంతా పనిచేసేది ఎత్తు మార్చే లీవరు. వానల్లో వారానికోసారి కోయాలి, ఎప్పుడూ ఆకు ఎత్తులో మూడో వంతు మించకూడదు. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు మర ఎక్కిస్తే చక్రాల గాడులు పడతాయి, ఒక రోజు ఆగడమే మేలు. వినాయక చవితికి ఒక మూల కోయకుండా వదిలితే వీధిలో వాళ్లకు గరిక దొరుకుతుంది. డిసెంబరు, జనవరి చలికి ఎదుగుదల మందగించి రంగు తగ్గుతుంది, చచ్చిందని తవ్వేయకండి. మే నెలలో లీవరు ఒక మెట్టు పైకి. పొడుగు ఆకు తన వేరుకు తానే నీడ పడుతుంది. రోజూ చిలకరించడం కన్నా వారానికి రెండుసార్లు వేరు దాకా తడిపితే నయం. తుంగ దగ్గర మాత్రం బడింగ్ ఓడిపోతాడు. దాని బలం మట్టిలోని గడ్డల్లో ఉంటుంది. కూర్చుని తవ్వాల్సిందే.

మృగశిరకు ముందే బ్లేడు విప్పి సాన పట్టించండి. విప్పబోయే ముందు కరెంటు మరకైతే ప్లగ్గు, పెట్రోలు మరకైతే స్పార్క్ ప్లగ్గు వైరు పీకేయడం మరవకండి.