పాత కలంకారీలో ఆకులు నీలంగా ఎందుకుంటాయి? ఎండలో వేసే ముందు ఇది తెలుసుకోండి!

కోరుకొండ: లక్ష్మీనరసింహస్వామి తీర్థమో, ఇంట్లో పెళ్లో దగ్గరపడిందంటే చాలు.. బీరువా అడుగున ఉన్న పాత బట్టలు బయటికొస్తాయి. ముక్కిన వాసన పోవాలని వాటిని డాబా మీద ఎండేస్తారు. ఇప్పటి చీరలైతే కొంత తట్టుకుంటాయి. కానీ అది నాయనమ్మ కాలం నాటి కలంకారీ దుప్పటి అయితే? ఆ పూట పోయిన రంగు మళ్లీ తిరిగి రాదు.

గోదావరి, కృష్ణా తీరానికి అద్దకం కొత్తేమీ కాదు. డచ్ వాళ్లు 1605లో, ఇంగ్లీషు వాళ్లు 1611లో మచిలీపట్నంలో అడుగుపెట్టింది ప్రధానంగా మన బట్టల కోసమే. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరు మీద ‘మడపోలం’ అనే గుడ్డ కూడా ప్రపంచమంతా తెలిసింది. కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన పాత అద్దకం బట్టలు ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. అలాంటి పాత బట్టలను చూస్తే ఎవరికైనా ఒక డౌటు వస్తుంది. చెట్ల ఆకులు నీలంగా ఉన్నాయేంటి?

నిజానికి కళాకారులు వేసింది ఆకుపచ్చే. అప్పట్లో ఆకుపచ్చ కోసం ముందు నీలిమందు అద్ది, దానిపై కరక్కాయ పువ్వు లాంటి వాటితో చేసిన పసుపు రంగు పూసేవాళ్లు. నీలిమందు నీళ్లలో కరగదు, వెలుతురునూ బాగా తట్టుకుంటుంది. పసుపు రంగుకు అంత ఓపిక లేదు. ఏళ్ల తరబడి వెలుతురు తగిలి అది ఎగిరిపోతే కింద నీలం మిగిలింది. చిరివేరు ఎరుపు మాత్రం పటికతో కలిసి నూలును గట్టిగా పట్టుకుంటుంది. అందుకే శతాబ్దాలైనా ఎర్ర పువ్వులు ఇంకా కనిపిస్తున్నాయి.

నలుపుది వేరే కథ. ఇక్కడ రంగు కన్నా ముందు బట్టే పోతుంది! తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెట్టి ఆ నలుపు చేస్తారు. అందులోని ఇనుము గాలి, తేమతో కలిసి నూలు పోగుల్ని మెల్లగా తినేస్తుంది. పాత కలంకారీల్లో సరిగ్గా నల్ల గీత ఉన్నచోటే చిల్లులు పడటానికి కారణం ఇదే. మన జిల్లాల ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు కదా..

ఇక ఎండ లెక్క చూద్దాం. ఇలాంటి బట్టలను మ్యూజియాల్లో సాధారణంగా 50 లక్స్ వెలుతురులోనే ఉంచుతారు. మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. అంటే గంటసేపు డాబా మీద ఆరేస్తే, మ్యూజియంలో రోజుకు 8 గంటల చొప్పున 250 రోజులు పెట్టినంత వెలుతురు తగిలినట్టు. పైగా ఎండలో అతినీలలోహిత కిరణాలు అదనం.

మరి వాసన పోవాలంటే? వాన లేని రోజున గదిలో, నీడలో ఆరబెడితే సరిపోతుంది. న్యూస్ పేపర్లో చుట్టకండి, ఆ కాగితంలోని ఆమ్లం బట్టకు ఎక్కుతుంది. కలర్ లేని, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. కలరా ఉండలు బట్టకు తగలకూడదు. మడత పెట్టక తప్పదంటే అప్పుడప్పుడూ మడత మార్చాలి, ఆ మడత నల్ల గీతల మీద పడకుండా చూసుకోవాలి.