ఐదవ నెల నుండి ఏడవ నెల వరకు: తల్లి, ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

వేవిళ్ళు తగ్గి, అన్నం సయించి, గర్భిణీ ముఖంలో కళ వచ్చే కాలం ఇది. అందుకే చాలామంది "ఇప్పుడు బాగానే ఉంది కదా, నెలలు నిండాక చూపించుకుందాం" అని ఆసుపత్రికి రావడం మానేస్తారు. కాని గర్భం వలన వచ్చే బి.పి. సాధారణంగా 20 వారాలు దాటిన తరువాతే మొదలవుతుంది. షుగరు కూడా ఈ నెలలలోనే పైకి వస్తుంది. రక్తహీనత ముదిరేదీ ఇప్పుడే. ఈ మూడింటికీ మొదట్లో నొప్పి ఉండదు, బాధ ఉండదు. పరీక్ష చేస్తేనే తెలుస్తాయి. కాబట్టి బాగున్నప్పుడే రావాలి.

కడుపులో బిడ్డ ఎలా ఉంటుంది?

20 వారాలకు బిడ్డ సుమారు 300 గ్రాముల బరువు, తల నుండి మడమ వరకు సుమారు 25 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. గర్భసంచి పైభాగం తల్లి బొడ్డు దగ్గరకు వస్తుంది. 24 వారాలకు బిడ్డ బరువు సుమారు 600 గ్రాములు అవుతుంది. తొలిచూలు వారికి 18 నుండి 20 వారాల మధ్య, మలిచూలు వారికి ఇంకా ముందుగానే కదలిక తెలుస్తుంది. మొదట అది నీళ్ళలో చేపపిల్ల కదిలినట్లు సన్నగా ఉంటుంది. 24 వారాలు వచ్చినా కదలిక తెలియకపోతే తప్పక వచ్చి చూపించుకోవాలి.

నడుము నొప్పి, గుండెల్లో మంట, మలబద్ధకం, రాత్రిళ్ళు పిక్కలు పట్టేయడం, సాయంత్రానికి పాదాలు కొంచెం వాచడం చాలామందికి ఉండేవే. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడం, నీళ్ళు బాగా త్రాగడం, పక్కకు తిరిగి పడుకోవడం వలన ఉపశమనం కలుగుతుంది. తెల్లబట్టలో దుర్వాసన, దురద ఉంటే మాత్రం చూపించుకోవాలి.

చేయించుకోవలసిన పరీక్షలు

1. స్కానింగ్: 18 నుండి 22 వారాల మధ్య చేసే దానిని టిఫా స్కాన్ అంటారు. బిడ్డ తల, వెన్ను, గుండె, మూత్రపిండాలు, కాళ్ళు చేతులు, మాయ ఉన్న చోటు, ఉమ్మనీరు చూస్తారు. ఆడా మగా అని అడగవద్దు. 1994 నాటి చట్టం ప్రకారం చెప్పడమూ నేరమే, చెప్పించుకోవడమూ నేరమే.

2. షుగరు పరీక్ష: మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24 నుండి 28 వారాల మధ్య మరొకసారి చేయాలి. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి త్రాగించి, 2 గంటల తరువాత రక్తం తీస్తారు. 140 లేక అంతకంటే ఎక్కువ వస్తే గర్భకాల షుగరు అంటారు. చాలామందికి ఆహార నియమంతోనే అదుపులోకి వస్తుంది.

3. రక్తం: హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత. 7 కంటే తగ్గితే ప్రమాదకరం. రక్తం లేని తల్లి కాన్పులో కొద్దిపాటి రక్తస్రావాన్ని కూడా తట్టుకోలేదు.

4. వచ్చిన ప్రతిసారీ బి.పి., బరువు, మూత్ర పరీక్ష. బి.పి. 140/90 గాని అంతకు మించి గాని ఉంటే డాక్టరుగారు చెప్పేవరకు ఇంటికి వెళ్ళవద్దు.

మీ బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే ముందుగానే చెప్పండి. భర్త గ్రూపు కూడా చూసి, అవసరమైతే 28 వారాలకు యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. ధనుర్వాతం రాకుండా టి.డి. ఇంజెక్షన్లు వేయించుకున్నారో లేదో కార్డులో చూసుకోండి.

మాత్రలు, ఆహారం

ఐరన్ మాత్ర నాలుగవ నెల నుండి రోజుకు ఒకటి, కాన్పు వరకు, కాన్పు తరువాత మరో 6 నెలలు వేసుకోవాలి. రక్తం తక్కువ ఉంటే డాక్టరుగారు ఎక్కువ ఇస్తారు. విరేచనం నల్లగా వస్తే భయపడి మానేయవద్దు, అది మాత్ర వలననే. టీ, కాఫీలతో వేసుకోవద్దు. నిమ్మరసంతో గాని జామకాయ తిని గాని వేసుకుంటే బాగా వంటబడుతుంది. కాల్షియం మాత్రను ఐరన్‌తో కలిపి వేయవద్దు. రెంటికీ కనీసం 2 గంటల తేడా ఉండాలి. నులిపురుగుల మాత్ర ఈ నెలలలో ఒకసారి ఇస్తారు.

"తక్కువ తింటే బిడ్డ చిన్నగా ఉండి కాన్పు సులువు" అనే మాట వినవద్దు. బరువు తక్కువ బిడ్డకు జబ్బులు ఎక్కువ. పప్పు, తోటకూర, మునగాకు, గుడ్డు, పాలు, చేప, రాగి జావ, వేరుశెనగ బెల్లం ఉండలు మన ఇళ్ళలో దొరికేవే. కుంకుమపువ్వు వలన బిడ్డ రంగు మారదు. ఆ డబ్బుతో గుడ్లు కొనండి. బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపిస్తే దాచుకోక నర్సుకు చెప్పండి. అది తరచుగా రక్తహీనతకు గుర్తు. ఉపవాస ప్రార్థనల దినాలలో కూడా గర్భిణీలు అన్నం, నీళ్ళు మానకూడదు.

వెంటనే రావలసిన ప్రమాద సూచనలు

• ఎంత కొంచెమైనా రక్తం కనబడడం
• తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, పొట్ట పైభాగంలో నొప్పి
• ముఖం, చేతులు వాచడం
• ఉమ్మనీరు పోవడం, నెలలు నిండకముందే నొప్పులు
• జ్వరం, మూత్రంలో మంట
• తెలిసే కదలిక తగ్గిపోవడం లేక ఆగిపోవడం

బి.పి. ముదిరితే ఫిట్స్ వస్తాయి. దీనినే పల్లెలలో గుర్రపువాతం అంటారు. అది గాలి కాదు, చేష్ట కాదు. తాయెత్తుల కోసం పరుగెత్తి సమయం పోగొట్టవద్దు. చేతిలో తాళాలు, నోట్లో చెంచాలు పెట్టవద్దు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకురండి.

ఇంటివారు సిద్ధం చేయవలసినవి

ఏడవ నెలలో పుట్టింటికి పంపడం మన ఆచారం. మంచిదే. కాని చీర, గాజులతోబాటు మదర్ కార్డు, స్కాన్ రిపోర్టులు, వేసుకుంటున్న మాత్రలు కూడా పంపాలి. పుట్టింటికి చేరిన వారంలోపే అక్కడి ఆసుపత్రిలో చూపించాలి. ఊరు మారినప్పుడే పరీక్షలు ఆగిపోవడం, బి.పి. మాత్రలు అయిపోవడం జరుగుతుంటాయి.

కాన్పు ఎక్కడ చేయించాలో, రాత్రివేళ ఏ బండిలో వెళ్ళాలో, పెద్దబిడ్డను ఎవరు చూస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి. రక్తం ఇవ్వగలవారు ఇద్దరిని ముందే అనుకోండి. నెలకు కొంత డబ్బు పక్కన పెట్టండి. చేతిలో డబ్బు లేదని పరీక్ష మానవద్దు. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణీలకు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు.

అత్తగార్లకు, భర్తలకు ఒక్క మాట. బరువైన బిందెలు మీరు మోయండి. మధ్యాహ్నం ఆమెను ఒక గంటైనా పడుకోనివ్వండి. పరీక్ష రోజున ఒంటరిగా పంపక, ఆమెతోబాటు మీరూ వచ్చి, బి.పి. ఎంత, రక్తం ఎంత అని నర్సును అడిగి తెలుసుకోండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్